వెలిసిన చుక్క

మార్చి 9. తెల్లవారుజామున జల్లు పడి, తర్వాత ఎండ కాసింది. వంటింటి కుళాయికి వాషరు మార్చాను.

బావగారికి నమస్కారం.

మీ దళమంతా క్షేమంగా శిబిరం చేరిందని పొద్దున మీ అధికారి ఫోన్ చేశారు. బస్సులు ఎక్కడున్నాయో కంప్యూటరు తెరమీద చుక్కలతో చూపించే నా మ్యాపునే మీ సైన్యం కోసం మార్చాను కదా. బస్సు నుంచి కబురు ఆగితే డిపోకి చేరినట్టే లెక్క, చుక్కను తీసేసేవాణ్ణి. మీ దళాల చుక్కలనూ అలాగే తీసేశాను. పోయిన సెలవులో మీరది చూసి, "ఏమయ్యా, రేడియో పలక్కపోతే మేం ఇంటికెళ్ళి పడుకున్నట్టా? రంగు వెలిసిపోతే పోనీ, చుక్క మాత్రం ఉంచు" అన్నారు. అలాగే మార్చాను.

నిన్న లోయలో మీ రేడియోలు మూగబోయాయట. మన ఫిరంగులు గురిపెట్టిన చోటే తెరమీద రంగు వెలిసిన చుక్క కనబడి, కాల్పులు ఆపేశారట. ఆ చుక్క మీరే.

అధికారి నన్ను మెచ్చుకున్నారు. ఆ మార్పు చెప్పింది మీరేనన్నాను. మీకెలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు. అక్క కళ్ళు తుడుచుకుంటూ, "అందరి పనుల్లో వేలు పెడతారని ఇన్నాళ్ళూ సాధించాను, ఇక ఏమీ అననని రాయి" అంది.

మీరొచ్చేలోపు మీ పరుపు ఎండలో వేయాలట. ఒక చివర తను పట్టుకుని పిలుస్తోంది, నేను వెళ్ళి—