కౌన్సెలింగ్ అన్న మాట

విశాఖపట్నం,
17 నవంబరు 2024, ఆదివారం.

పూజ్యులు శ్రీ గురువులు బాబాయ్ గారికి,

మీ అమ్మాయి అనూరాధ స్నేహితురాలు సత్యశ్రీ నమస్కరించి రాస్తున్నది. పోతమ్మ పిన్నికి కూడా నా నమస్కారాలు. మీరంతా కులాసా అని తలుస్తాను. నేనూ ఇక్కడ కులాసాయే అని రాయాలి. ఉత్తరానికి అది మర్యాద కాబట్టి రాస్తున్నాను. స్కూల్లో సెలవు చీటీలు తప్ప నేను చేత్తో ఉత్తరం రాయడం ఇదే మొదలు. అనూ ఫోను మీ దగ్గరే ఉంది, నా నంబరు చూస్తే మీరు ఎత్తడం లేదు. అందుకని దీన్ని చేపల బజార్లో పిన్ని చేతికి ఇస్తున్నాను. టీ కొట్టు దగ్గర పేపరు అక్షరం వదలకుండా చదువుతారని అనూ మీ గురించి గొప్పలు పోతుంది. ఈ ఉత్తరం మాత్రం టీ కొట్టులో చదవకండి బాబాయ్.

ముందు కాలేజీ కబుర్లు. మా బెంచీలో అనూ చోటు ఖాళీగానే ఉంది. ఎవరైనా కూర్చోబోతే నేను బ్యాగు పెట్టేస్తున్నాను, బస్సులో కర్చీఫు వేసినట్టు. హాస్టలు సాంబారులో మార్పేమీ లేదు, ముక్క కోసం వల వెయ్యాలి. కార్తీకమాసమని మా అమ్మ నా చేత నీచు ముట్టనని ఒట్టు వేయించింది. మీ అమ్మాయి నెత్తళ్ల వేపుడు డబ్బా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టి, వాసనకి ఒట్టు పోదులేవే అని నవ్వేది. ఇప్పుడు ఆ ఏడిపించే మనిషి లేక ఒట్టు బాగా నిలబడుతోంది. ఏం లాభం?

ఇక అసలు సంగతి. మా కాలేజీలో ఈ ఏడాది విద్యార్థుల సహాయ కేంద్రమని ఒకటి తెరిచారు. అక్కడ ఫోన్లు చేసే గౌరీశ్వరి గారు ఆ రోజు పోతమ్మ పిన్ని నంబరుకి చేసింది. పిన్ని చేతులకి చేప పొలుసు ఉంటుంది కదా, ఎప్పటిలాగే మోచేత్తో నొక్కి స్పీకర్లో పెట్టింది. కార్తీకమాసం, బేరాల్లేవు. ఆ వరసలో గంపల ముందు కూర్చున్న వాళ్లందరూ ఖాళీగా ఉన్నారు. మీ అమ్మాయికి కౌన్సెలింగ్ అవసరం, పెద్దవాళ్లు ఒకసారి వచ్చి వెళ్లాలి అన్న మాట అందరూ విన్నారు. పిన్ని మోచేత్తోనే ఫోను కట్టేసిందట. పక్కనున్నావిడ మాత్రం, సదూకున్న పిల్లకి కౌన్సిలింగేటే పోతమ్మా, ఏటి సేసినాదే అని అడిగేసిందట.

బాబాయ్, చిక్కంతా ఆ మాట దగ్గరే వచ్చింది. ఏ వల వెయ్యాలని జాలర్లు కొట్టుకున్న గొడవప్పుడు పడవకి డీజిలు డబ్బా పట్టుకుని ఎదురొచ్చిన పాపానికి మీ పేరు కూడా పోలీసులు రౌడీషీటులో రాసేసుకున్నారని, ఎన్నో ఆదివారాలు మిమ్మల్ని స్టేషన్ ముందు నేల మీద కూర్చోబెట్టి కౌన్సెలింగ్ అన్నారని అనూ నాకు చెప్పింది. ఆ ఆదివారాలు మీరు అన్నం ముందు కూర్చుని కూడా తినకుండా లేచిపోయేవారట. మీ వీధిలో ఆ మాటకి ఇంకో అర్థం లేదు. గౌరీశ్వరి గారికి అది తెలియదు.

మర్నాడు మీరు కాలేజీకి వచ్చినప్పుడు నేను పై అంతస్తులో ప్రాక్టికల్లో ఉన్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ చలమయ్య తరవాత చెప్పాడు. ఆయనేటమ్మా, సెప్పులు గేటు కాడే ఇప్పీసి సేతులు కట్టుకు నిలబడిపోనాడు, ఇది కాలేజీ బాబూ టేషను కాదు అన్నా ఇన్నేదు అన్నాడు. నా పేరు ఎక్కింది సాలదా, నా పిల్ల పేరు కూడా ఎక్కాలేటి అని మీరు అనూతో అన్నారట. అది ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా మీ బండెక్కేసిందట. అనూ ఎదురు చెప్పలేదంటే నేను నమ్మలేదు. దాని నోరు మీకు తెలియనిదా?

కాలేజీలో కౌన్సెలింగ్ అంటే అది కాదు బాబాయ్. మెట్ల కింద చిన్న గది. ఇంతకు ముందు అందులో విరిగిన బెంచీలు పడేసేవారు. ఇప్పుడు రెండు ప్లాస్టిక్ కుర్చీలు, టకటకమనే ఫ్యాను, కామేశ్వరి మేడం. నేల మీద ఎవరూ కూర్చోరు, ఎవరూ కసరరు. మనసు బాగోలేని పిల్లలు వెళ్తారు. చెప్పుకోగలిగితే చెప్పుకుంటారు, లేకపోతే ఊరికే కూర్చుని వస్తారు. ఏడిస్తే మేడం ఫ్యాను స్పీడు పెంచుతుంది, చప్పుడు బయటకి వినపడకుండా. జ్వరమొస్తే మాత్రకి వెళ్లినట్టే ఇదీ. ఆ రోజు మేమిద్దరం కలిసే వెళ్లాం. అక్కడ తప్పు చేసినవాళ్లెవరూ లేరు.

నా చేతనైనంత తిరిగాను. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్తే, తండ్రి తీసుకెళ్లాడు కాబట్టి తండ్రే తీసుకురావాలి అన్నారు. అయితే మీరు ఫోన్ చెయ్యండి సార్ అంటే, మళ్లీ ఫోన్ చేస్తే ఏం గొడవో అన్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. గౌరీశ్వరి గారిని అడిగితే, నానేటి సేత్తానమ్మా, రాసున్న నంబరుకి సేసినాను అంటుంది. కామేశ్వరి మేడం అంతా వింది. ఆ గదికి ఎవరు ఎందుకు వచ్చారో తను నోరు విప్పకూడదట, ఎవరి సంగతి వాళ్లే చెప్పుకోవాలట. ఆ మాట అంటూ నా వైపే చూసింది.

చివరికి మొన్న జాలరిపేట వచ్చాను. మీరు ఇంటి ముందు పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నారు. నన్ను చూసి కోప్పడతారనుకున్నాను. మీరు కోప్పడితే బాగుండేది. మీరు కుర్చీ తెప్పించారు, టీ తెప్పించారు. మీ నాన్న ఎలాగున్నాడమ్మా, మొక్కజొన్న ఎలాగుంది అని అడిగారు. కాలేజీలో చేర్పించిన రోజు కలిసినప్పటి నుంచి మా నాన్న తవిటయ్య, మీరు ఫోన్లు చేసుకుంటారు. ఆయన గుమ్మడికాయలు పంపితే మీరు ఎండుచేపలు పంపుతారు. ఆ ప్రేమ చూసి, వచ్చిన పని వదిలేసి నేనూ మొక్కజొన్న కబుర్లే చెప్పాను. అనూ గుమ్మంలో నిలబడి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. వద్దు అన్నట్టు. నేను టీ తాగేసి వచ్చేశాను. బస్సులో దారి పొడుగునా ఏడ్చాను.

వచ్చే సోమవారం నుంచి సెమిస్టరు పరీక్షలు. హాల్ టికెట్ అనూ స్వయంగా వచ్చి తీసుకోవాలి. ఈ పరీక్షలకి రాకపోతే అది మళ్లీ కాలేజీ మెట్లెక్కదని నా భయం. దాన్ని వాళ్ల అప్పాయమ్మ పెద్దమ్మ పనిచేసే అచ్యుతాపురం కంపెనీలో పెట్టేస్తారని పిన్ని బజార్లో చెప్పింది. కంపెనీ పని తక్కువని నేననను, మా ఊరి పిల్లలు సగం మంది అక్కడే ఉన్నారు. కానీ అనూ టీచరవుతానంటుంది. మీ పేటలో పిల్లలకి లెక్కలు చెప్తుందట. నాకే చెప్పడం రాక తిట్టిపోసేది గానీ, వాళ్లకైతే చెప్పగలదేమో.

మీ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు, దానికి ఏ జబ్బూ లేదు. దాన్ని పంపండి బాబాయ్. నాకింతకంటే అడగడం చేతకాదు.

ఇట్లు,
మీ ఇంటి పిల్లలాంటిది,
సత్యశ్రీ.

తా.క.: కవరు అంటించి, మళ్లీ చింపాను.

ఆ గదిలో ఎక్కిన పేరు మీ అమ్మాయిది కాదు బాబాయ్, నాది. ఈ ఏడాది నాకు అన్నం సయించడం లేదు, నిద్ర లేదు, బతకాలని లేదు. ఎందుకని అడిగితే చెప్పలేను, ఏమీ జరగలేదు. అది కనిపెట్టింది అనూ ఒక్కర్తే. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఇంటి నంబరు ఒకటి ఇవ్వాలన్నారు. మా నాన్నకి తెలిస్తే చచ్చిపోతాడని నేను నంబరు చెప్పనంటే, అది ఏమీ ఆలోచించకుండా, మా అమ్మది రాయండి, మా అమ్మ దేనికీ భయపడదు అంది. గౌరీశ్వరి గారు మీ అమ్మాయి అన్నది నన్ను. పిన్నికి ఉన్నది ఒకత్తే అమ్మాయి. మొన్న గుమ్మంలో అది వద్దని తల ఊపింది, మీకు చెప్తే ఆ మాట మా నాన్నదాకా పోతుందని.

అందుకే పొద్దున్న నేనే మా నాన్నకి ఫోన్ చేశాను. నాన్నా, కాలేజీలో నన్ను కౌన్సెలింగ్‌కి రమ్మంటున్నారు అని చెప్పాను. ఆయన, మరింత మంచి కాలేజీలో సీటొస్తాదేటమ్మా అని అడిగాడు. మా ఇంట్లో కౌన్సెలింగ్ అంటే సీట్లు పంచడం. ఆ సంతోషం విని కాదనలేకపోయాను. ఊఁ అన్నాను. ఈపాటికి ఊరంతా చెప్పేసి ఉంటాడు. సాయంత్రం మీకూ ఫోన్ చేస్తాడు బాబాయ్. మీరు ఏం చెప్తారో నాకు తెలియదు.