నాన్న నొప్పికి అంకె

అమ్మా,

మొన్ననే నీ సంవత్సరీకం అయింది. ఇవాళ నాన్నను ఉప్పల్‌లో పరీక్షకు తీసుకెళ్లాను. తలకు నూనె వద్దన్న మాట మరిచి రోజూలాగే రాసేశాను. నూనె ఉంటే తలకు పెట్టే వైర్లు అంటుకోవన్నారు. వెనక్కి నాచారంలో ఇంటికి తెచ్చి, తలస్నానం చేయించి, మళ్లీ ఆటో ఎక్కించేసరికి నా నడుం పడిపోయింది.

పార్కిన్సన్స్‌తో బిగుసుకున్న నాన్న ముఖంలో నొప్పి కనిపించదు కదా. మెదడు సంకేతాలను చూసి ఆ నొప్పి ఎంతో కంప్యూటరే చెప్పాలని ఈ పరీక్షలు. అయితే ముందు నాన్న తన నొప్పికి ఒక అంకె చెప్పాలట. దాన్నిబట్టే అది నేర్చుకుంటుందట.

"సున్నా నుంచి పది దాకా, ఇప్పుడు నొప్పి ఎంతుంది అంకుల్?" అని వైర్లు పెట్టిన అమ్మాయి అడిగింది.

నాన్న మెల్లగా పక్క కుర్చీ వైపు తిరిగాడు. ఏ డాక్టరు దగ్గరైనా జవాబు చెప్పింది నువ్వే కదా.

"గది నాకేమెర్క బిడ్డా? మా ఆమెకు ఎర్క. ఆమెనడుగు," అన్నాడు.

కుర్చీలో నా బ్యాగు ఉంది.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఆయన నొప్పిని ఎలా కనిపెట్టేదానివో నువ్వెవరికీ చెప్పలేదు. ఐదు అన్నాను.

ఇక కంప్యూటర్ అదే నేర్చుకుంటుంది.