పుట్టింటి నూటపదహార్లు

గోదావరిఖని,
24 జూన్ 2013

ప్రియమైన తమ్ముడు కొండల్‌కు,

అక్క భారతమ్మ ఆశీస్సులు. ఉత్తరం చూసి ఎవరికేమైందోనని గాబరా పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేద్దామంటే రెండేళ్ల నుంచి నా చెవులు సరిగ్గా పనిచేయడం లేదు. ఫోన్‌లో ఎవరు మాట్లాడినా గుయ్యిమని చప్పుడు తప్ప మాట తెలియదు. మీ బావను మాట్లాడమంటే, "మీ అక్కాతమ్ముళ్ల నడుమ నన్ను ఇరికియ్యకు" అని బొగ్గుబాయి డ్యూటీకి వెళ్లిపోయాడు. అందుకని నేనే కలం పట్టాను.

పొద్దున పాసుబుక్కు రాయించుకుందామని బ్యాంకుకు వెళ్లాను. చూస్తే నా ఖాతాలో నీ పేరుతో ముప్పైఐదు వేల నూటపదహారు రూపాయలు జమ అయి ఉన్నాయి. నా కళ్లను నేనే నమ్మలేక కౌంటర్‌లో పిల్లను మళ్లీ చదవమన్నాను. "ఈ కొండల్ ఎవరమ్మా?" అని అడిగింది. "మా తమ్ముడు" అన్నాను. ఆ మాట పైకి అని ఎన్నాళ్లయిందో.

ఉత్త ముప్పైఐదు వేలే పడి ఉంటే ఎవరి డబ్బో దారి తప్పిందనుకునేదాన్ని. చివర నూటపదహార్లు చూశాక ఇక అనుమానం లేదు. పెట్టుపోతలకు తప్ప నూటపదహార్లు ఎవరు కలుపుతారు? మా ఇంటి గృహప్రవేశానికి పుట్టింటి బట్టలు తేవలసినవాడివి నువ్వు. అదే వారం శంషాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్టు తెరిచారు, కొత్త కొలువు, సెలవు దొరకలేదని తర్వాత కబురు పంపావు. "ఇగ ఆ విమానాలే నీకు తోబుట్టువులనుకో" అని నేను తిట్టి పంపాను. ఐదేళ్లయింది. బాపు పోయినప్పుడు కూడా చుట్టపుచూపుకు వచ్చినవాళ్లలా చెరోపక్క కూర్చున్నాం. ఇద్దరిలో ఒక్కరమైనా మెత్తటివాళ్లం పుట్టి ఉంటే బాగుండేది.

ఆలస్యమైతే అయింది, గుర్తుపెట్టుకుని పంపావు. నాకు అది చాలు. ఆషాఢంలో బోనాలకు రావాలని ఉంది. మరదలు ప్రసన్నలక్ష్మిని అడిగి చెప్పు. మనీషా ఎంత ఎత్తు పెరిగింది?

నీ మొండి అక్క,
భారతమ్మ


శంషాబాద్,
28 జూన్ 2013

ప్రియమైన అక్కకు,

తమ్ముడు కొండల్ నమస్కారాలు. నీ ఉత్తరం ప్రసన్నలక్ష్మి పైకి చదువుతుంటే నేను కంచం ముందు కూర్చుని విన్నాను. చదవడం అయ్యేసరికి అన్నం చల్లారిపోయింది.

ఇది రాయడానికి రెండు కాగితాలు చింపాను. అక్కా, ఆ డబ్బు నీకని పంపలేదు. పొరపాటున నీకు చేరింది.

మనీషాకు మైలార్‌దేవ్‌పల్లిలో డిగ్రీ కాలేజీలో సీటు వచ్చింది. ఆ కాలేజీ యజమానికి నూటపదహారంటే మహా నమ్మకమట. అక్కడ ఏ ఫీజు అయినా నూటపదహారుతోనే ముగుస్తుంది. ఆన్‌లైన్‌లో కడితే లైన్లో నిలబడే బాధ ఉండదు కదా అని డ్యూటీ దిగి గగన్‌పహాడ్‌లో శేఖర్ నెట్ షాపుకు వెళ్లాను. తెర మీద రెండు పేర్లు ఉన్నాయి. పైన నీది. బాపు మీ ఇంట్లో ఉన్నప్పుడు మందులకు పంపేవాణ్ని కదా, అప్పటిది. దాని కింద కాలేజీది. కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాను. పైదాని మీద నొక్కి, ఫోన్‌కు వచ్చిన నంబరు కూడా కొట్టేశాను. ఏం చేశానో తెలిశాక శేఖర్‌ను పట్టుకున్నాను.

"వాపస్ తీస్కోరాదు, శేఖర్?"

"గది బస్ టికెట్ గాదన్నా, క్యాన్సిల్ చేసెటందుకు. పోయింది పోయిందే. జెప్పన బ్యాంకుకు పో."

బ్యాంకులో ఆఫీసరు కోస్తా మనిషి, మర్యాదస్తుడు. కూర్చోబెట్టి చెప్పాడు. "అవతలి ఖాతాలో పడ్డాక మేం చెయ్యి పెట్టడానికి లేదండీ. వాళ్ల బ్రాంచికి మేం రాస్తాం. వాళ్లు ఆవిడను పిలిచి అడుగుతారు. ఆవిడ ఒప్పుకుని సంతకం పెడితే డబ్బు వెనక్కి వస్తుంది, లేకపోతే లేదు." దరఖాస్తు రాసి ఇచ్చాను. అక్కడ అడిగితే చూపించడానికి ఆ నకలు, కాలేజీ వాళ్ల ఫీజు కాగితం దీంతో పెడుతున్నాను. జూలై పదిహేను ఆఖరు తేదీ. అది దాటితే సీటు ఇంకొకరికి ఇస్తారు.

మనీషా అయితే, "అత్తకు చెప్పకు డాడీ, మస్తు ఖుషీగ రాసింది. నేను మల్లొచ్చే ఏడు సదువుకుంట" అంది. ఆ మాటకు ప్రసన్నలక్ష్మి దాన్ని కసిరింది. "అత్త మనింటి మనిషే. సక్కగ చెప్తే అర్థం చేస్కుంటది" అంది. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. నీ సంతోషం తీసుకోవడానికి చేతులు రావడం లేదు. కూతురి చదువు ఆపడానికి అంతకన్నా రావడం లేదు. ఆ సంతకం పెట్టు అక్కా.

ఇంకో మాట. బోనాలకు రా. ఈ పిలుపు మాత్రం పొరపాటున కాదు, కళ్లద్దాలు పెట్టుకునే రాస్తున్నాను.

నీ తమ్ముడు,
కొండల్


గోదావరిఖని,
2 జూలై 2013

కొండల్‌కు,

ఉత్తరం అందింది. బ్యాంకు వాళ్లు కూడా మనిషిని పంపారు. రేపు వెళ్తాను.

మనీషాకు సీటు వచ్చినందుకు సంతోషం. మీ బావకు దగ్గు తగ్గలేదు. బోనాల సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు,
భారతమ్మ


శంషాబాద్,
6 జూలై 2013

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరంలో 'ప్రియమైన' లేదు. ప్రసన్నలక్ష్మి కాగితం వెనకవైపు కూడా వెతికింది.

నిన్న బ్యాంకు ఆఫీసరు పిలిపించాడు. "ఆవిడ సంతకం పెట్టనన్నారండీ" అన్నాడు. తప్పు చదివారేమో, మళ్లీ చూడమన్నాను. మళ్లీ చూసి అదే చెప్పాడు. కావాలంటే లాయర్ నోటీసు పంపొచ్చట, పోలీసు కంప్లయింటు కూడా ఇవ్వొచ్చట.

"మా అక్క మీద కంప్లయింటా? ఏం మాట్లాడుతున్నవ్ సార్!" అని లేచి నిలబడ్డాను. పాపం, ఆయన ఆయన పని చేస్తున్నాడు. నన్ను శాంతపరిచి, కనీసం ఆ జాబితాలోంచి నీ పేరు తీసేయమని సలహా ఇచ్చాడు. ఉంటే మళ్లీ ఇదే పొరపాటు జరుగుతుందట. సాయంత్రం శేఖర్ షాపులో కూర్చున్నాను. నీ పేరు తెరిచాను. తీసేయడానికి మాత్రం వేలు ముందుకు పోలేదు. ఉన్న ఒక్క అక్క పేరు కొట్టేసి ఇంటికెళ్లి అన్నం ఎలా తినను?

బాధ లేదని అబద్ధం చెప్పను. సంతకం ఇష్టం లేకపోతే ఆ ముక్క నాకే రాయొచ్చు కదా, బ్యాంకు వాళ్ల నోటితో వినవలసి వచ్చింది. దినమంతా ఎయిర్‌పోర్టులో సామాన్ల ట్రాక్టరు నడుపుతూ అదే ఆలోచించాను. నీ పక్క నుంచి చూస్తే నువ్వు అడిగింది పెద్దదేం కాదు. గృహప్రవేశం నాడు పీటల మీద పుట్టింటి బట్టలు లేకుండా నిన్ను కూర్చోబెట్టింది నేనే. కాబట్టి పొరపాటు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ డబ్బు నీదే, నూటపదహార్లతో సహా. మంచి చీర కొనుక్కో, బావకు పంచె కొను.

ఫీజు సంగతి నువ్వు మనసులో పెట్టుకోకు. ప్రసన్నలక్ష్మి మొదట నాతో ముభావంగా ఉండి, రాత్రి చెవుల కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది. "కుదువ పెట్టు. అక్క ఐదేండ్ల కోపం ముప్పైఐదు వేలకు పోతదంటే మనకు అగ్గువకే వచ్చినట్టు" అంది. శుక్రవారం వాటిని తీసుకుని వెళ్తాను. మనీషా సీటు పోదు.

ఉత్తరాలు మాత్రం ఆపకు. మూడు ముక్కలైనా సరే రాయి.

నీ తమ్ముడు,
కొండల్


గోదావరిఖని,
9 జూలై 2013

ప్రియమైన, ప్రియమైన తమ్ముడు కొండల్‌కు,

పోయినసారి బాకీ పడ్డది కూడా కలిపి రాశాను. ప్రసన్నలక్ష్మికి చూపించు.

ముందు ఆ కమ్మలు. కుదువ పెట్టకపోతే ఆమె చెవులకు తిరిగి పెట్టు. పెట్టేసి ఉంటే ఈ ఉత్తరం ఇక్కడ ఆపి, వెళ్లి విడిపించుకుని వచ్చి మిగతాది చదువు. ఫీజు కట్టేశాను.

నీ మొదటి ఉత్తరం చదివి ఏడ్చిన మాట నిజమే. డబ్బు పోతుందని కాదు, ఊరికే సంబరపడి నవ్వులపాలయ్యానని. అప్పటికప్పుడే ఆ మూడు ముక్కలు రాసి పోస్టు డబ్బాలో వేశాను. మరుసటి రోజు బ్యాంకుకు పోయింది సంతకం పెడదామనే. మేనేజరు చిన్నవాడు, కాగితం నా ముందు పెట్టాడు. చదవనిదే సంతకం పెట్టొద్దని బాపు నేర్పిందే కదా, చదివాను. 'నా ఖాతాలో పొరపాటున జమ అయిన ముప్పైఐదు వేల నూటపదహారు రూపాయలు తిరిగి ఇచ్చుటకు సమ్మతిస్తున్నాను' అని ఉంది.

"ముప్పైఐదు వేలు పొరపాటే సారూ, గవి రాస్కో. నూటపదహార్లు పొరపాటు గాదు. గవి మా తమ్ముడు నాకు పెట్టిండు."

"అలా విడదీయడం కుదరదమ్మా. మొత్తం ఒకేసారి వచ్చింది, మొత్తం ఒకేసారి పోవాలి."

"గట్లయితే నేను సంతకం పెట్ట."

"అమ్మా, నూటపదహారు రూపాయల కోసమా?"

"నీకు అక్కున్నదా, కొడుకా?" అని అడిగాను. లేదన్నాడు. లేనివాడికి ఏం చెప్పేది? కాగితం మీద 'నిరాకరించారు' అని రాసుకున్నాడు. నేను చెప్పిందంతా రాస్తాడనుకున్నాను కానీ ఆ ఒక్క మాటే నీ దాకా వచ్చింది. నిన్ను అంత బాధపెడుతుందని తెలిస్తే ఆనాడే నీకు రాసేదాన్ని.

నేను అక్కడి నుంచి లేచి పక్క కౌంటర్‌కు పోయి, నువ్వు పంపిన ఫీజు కాగితం చూపించి, కాలేజీ పేరు మీద డీడీ తీసి రిజిస్టర్ పోస్టులో పంపించాను. ఆన్‌లైన్‌లో పంపమన్నారు కానీ మన వంశంలో కళ్లు ఎట్లాంటివో తెలిసి ఒప్పుకోలేదు. కాలేజీ వాళ్లు అందినట్టు సంతకం పెట్టిన కార్డు నిన్న వచ్చింది. అది చేతికి రానిదే రాయొద్దని ఆగాను. దీంతో పెడుతున్నాను, రసీదు అడిగి తీసుకో.

డీడీ ముప్పైఐదు వేల నూటపదహారుకే తీశాను. ముప్పైఐదు వేలు నీవి. నూటపదహార్లు నా చీటీ డబ్బుల్లోంచి కలిపాను, మేనకోడలి చదువుకు మేనత్త పెట్టినవి. ఆ యజమాని నమ్మకం ఏమో కానీ, నాకైతే బాగా కుదిరింది. నువ్వు పంపిన నూటపదహార్లు మాత్రం ఇవ్వను. నీ రెండో ఉత్తరంలో మొత్తం నీదే అని రాశావు. అంత నాకెందుకు? చిన్నప్పుడు జామకాయ సగం కొరికి మిగతాది నాకిచ్చేవాడివి, ఇప్పుడు మొత్తం ఇచ్చేస్తానంటున్నావు, పెద్దవాడివైపోయావు.

ఒక మాట ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. గృహప్రవేశం నాడు మా ఆడబిడ్డ అందరి ముందు, "పుట్టింటోళ్లు ఏం పెట్టిండ్రు?" అని అడిగింది. కట్టుకున్న ఆకుపచ్చ చీర చూపించి, "గిదే. మా తమ్ముడు పెట్టిండు" అన్నాను. అది నేను బజార్లో కొనుక్కున్న చీర, కొండల్. ఆ రోజు పాత రవికెతో కట్టాను. ఆ తర్వాత దానికి రవికె కుట్టించలేదు, మళ్లీ కట్టలేదు. పెట్టె తెరిచినప్పుడల్లా ఆ అబద్ధమే పైకి కనిపించేది.

నిన్న నీ నూటపదహార్లు తీసుకుని బట్టల కొట్టుకు వెళ్లాను. ఆ చీర మీదికి రవికె గుడ్డ నూటపది రూపాయలు. మిగిలిన ఆరు రూపాయలకు అదే రంగు దారం. దర్జీకి ఇచ్చి వచ్చాను.

నా పేరు జాబితాలోంచి తీసేయకు. పైనే ఉండనీ, నువ్వు కళ్లద్దాలు పెట్టుకుంటే చాలు.

బోనాలకు ఆ చీరే కట్టుకుని వస్తాను. ఆరాంఘర్‌లో బస్సు దిగుతాను. ఆటో పంపించకు, ఎవరినీ పంపించకు, నువ్వే రా. చీర బాగుంది, ఎవరు పెట్టారని ఎవరైనా అడిగితే, ఈసారి నీ పక్కన నిలబడి చెబుతాను.

నీ అక్క,
భారతమ్మ