నేనొచ్చేదాకా

డాక్టరు గారికి నమస్కారం.

మా అమ్మాయి తాను పిల్లినని ఎందుకు అనుకుంటుందో మీరు ఓపికగా చెప్పారు. ఒంటరితనంలో భయపడ్డ పిల్లలు కొందరు ఒక జంతువులో తలదాచుకుంటారని, పెద్దయ్యాక అదే తామనిపిస్తుందని అన్నారు. చిన్నప్పుడు ఏమైనా జరిగిందా అని మీరడిగితే లేదన్నాను. అది అబద్ధం.

అప్పుడు దానికి నాలుగేళ్లు. పిల్లలుంటే గది ఇవ్వనన్న ఇంటావిడకు, నాకున్నదల్లా ఒక పిల్లి అని చెప్పి దిగాను. లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేయడానికి వెళ్తూ, "అడుగుల చప్పుడైతే మ్యావ్ అను. నేనొచ్చేదాకా నువ్వు పిల్లివి" అని తాళం వేసేదాన్ని. నా పిల్లి ఎంతో బుద్ధిమంతురాలని ఇంటావిడ మెచ్చుకునేది. సాయంత్రం తలుపు తీసి "అమ్మొచ్చింది, ఇక మాట్లాడు" అంటే చాలు, నా మెడకు చుట్టుకుని రోజంతా దాచుకున్న కబుర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేది.

ఇప్పుడు దానికి ఇరవై రెండు. కిటికీలో కూర్చుని వీధిలోకి చూస్తుంది, నాతో మాట్లాడదు. నిన్న గుమ్మంలో నిలబడి మళ్లీ "అమ్మొచ్చింది, ఇక మాట్లాడు" అన్నాను. తల తిప్పి నన్ను చూసింది, మళ్లీ వీధిలోకి చూస్తూ కూర్చుంది.

దాన్ని మార్చమని అడగను డాక్టరు గారూ. నేను వచ్చేశానని మాత్రం నమ్మించండి.

ఇట్లు,
దాని తల్లి