పెల్టన్ దొర కప్పు

విజయవాడ

పెదనాన్నగారికి హెప్సిబా వందనాలు.

మీకు ఫోన్లో సరిగా వినపడటం లేదని ఉత్తరమే రాస్తున్నాను. పెల్టన్ దొర కప్పు వాలీబాల్ పోటీల రోజున నన్ను మాట్లాడమన్నారు, సంతోషం. కానీ ఏం మాట్లాడాలి? నూరేళ్ల కిందట అమెరికా కాలేజీల్లో కోచ్‌గా చేసి, మన పేటకొచ్చి బంతాట నేర్పాడని తప్ప ఆయన గురించి నాకేం తెలుసు? అక్కడి కాలేజీకి మెయిల్ పెట్టాను. జవాబు రానివ్వండి.

మీ హెప్సిబా

తా.క. ఓడిన జట్టును కూర్చోబెట్టి గెలిచినవాళ్లు వడ్డించే పద్ధతి ఇంకా ఉందా? చిన్నప్పుడు అది నాకు భలే వింతగా ఉండేది.

*

పామర్రు

అమ్మాయ్ హెప్సిబా,

నా మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం క్షేమం. కాలేజీలో పాఠాలు చెప్పేదానివి, నీకు భయమేంటే? నీ బెదురు గురించి విని పాస్టరుగారు ఆదివారం నీకోసం ప్రార్థన చేయించారు. మన పేట కుర్రాడు కోటి మీ బెజవాడ గవర్నర్‌పేట వచ్చి ఫ్లెక్సు వేయించుకొచ్చాడు. పైన ‘అమెరికా చాంపియన్ పెల్టన్ దొర’ అని, పక్కన నీ ఫొటో. బస్టాండు దగ్గర కట్టేశాం.

దీవెనలతో,
పెదనాన్న నతానియేలు

తా.క. దొర ఫొటో దొరకలేదు. టోపీ పెట్టుకున్న ఎవరో తెల్లాయన్ని కోటి ఫోన్లో వెతికి వేయించాడు. నీకంటే ఆయనే పెద్దగా పడ్డాడు, ఏమీ అనుకోకు.

*

విజయవాడ

పెదనాన్నగారికి,

నా భయం స్టేజీ గురించి కాదండీ. జవాబొచ్చింది. నతానియేల్ పెల్టన్ గారు మూడు కాలేజీల్లో ఫుట్‌బాల్ కోచ్‌గా చేశారు. మూడుచోట్లా ఏడాది తిరక్కుండానే పంపించేశారు. చివరి కాలేజీ జట్టు ఆ సీజనంతా ఒక్క ఆటా గెలవలేదట.

ఆ ఫ్లెక్సు కింద నిలబడి నేనేం చెప్పను? నిజం చెబితే మీరంతా చిన్నబుచ్చుకుంటారు. దాచిపెడితే మర్నాడు పిల్లలకి చరిత్ర పాఠం ఏ మొహంతో చెప్పను? అయినా వెళ్లిన ప్రతిచోటా ఓడిన మనిషి, సముద్రం దాటి మనకి ఆట నేర్పడానికి ఎందుకొచ్చినట్టు? ఏదీ తేల్చుకోలేకపోతున్నాను. ఎలిజబెత్ అత్తయ్యను మాట్లాడమనండి. నాకు జ్వరమని చెప్పండి.

మీ హెప్సిబా

తా.క. జ్వరం నిజంగా లేదు. మళ్లీ ప్రార్థన చేయించకండి.

*

పామర్రు

అమ్మాయ్,

ఆయన ఓడిపోయినవాడని మాకు తెలియదనుకున్నావా? మా తాతకి ఆయనే చెప్పాడే! మొదటి పోటీ మన పేట కుర్రాళ్లకీ, ఊళ్లో పెద్దిళ్ల కుర్రాళ్లకీ. మనవాళ్లు ఘోరంగా ఓడారు. అప్పుడు దొర, “ఓడినరోజు ఎవరూ అన్నానికి పిలవరు, ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు? ముందు వీళ్లని కూర్చోబెట్టండి. కప్పు కావాలంటే గెలిచినవాళ్లు వడ్డించాలి” అన్నాడట.

పెద్దిళ్ల అరుగు ఎక్కడమే ఎరగని మా తాతకి, ఆ పూట ఆ ఇళ్ల పిల్లాడే వంగి అన్నం పెట్టాడు. నాకు తాత ఆయన పేరు పెట్టుకున్నది అందుకు. గెలిచాడని కాదు.

‘చాంపియన్’ అనే మాట కోటి పైత్యం. దానిమీద తెల్లకాగితం అంటించేశాం. జ్వరం తగ్గించుకుని రా. ఉన్నదున్నట్టు చెప్పు.

పెదనాన్న

తా.క. ఈ ఏడు కోడి పలావని తెలిసినప్పట్నుంచి రెండు జట్లూ ఓడిపోవడమే ప్రాక్టీసు చేస్తున్నాయి. దొర కోచింగు ఇన్నాళ్లకి పనిచేసింది.