నెల ముందొచ్చిన పంచమి

బరంపురం. ఈశ్వర నామ సంవత్సరం, ఆషాఢ బహుళ పంచమి, రాత్రి.

పొద్దున్నే పక్కింటి సులోచన చిట్టికి ఇష్టమని అరిసె పిఠా చేసి, ఏడుస్తూ పట్టుకొచ్చింది. "అక్కా, ఈయేళే కదా మన సిట్టి ఎల్లిపోయిన పంచమి. నాను ఉపాసం ఉన్నాను" అంది.

నా కూతురు జ్వరంతో పోయింది కిందటేడు శ్రావణ బహుళ పంచమి నాడు. ఆ మాట నేనే చెప్పాను. గుర్తుపెట్టుకుని తమ ఒరియా పంచాంగం, పాంజీలో చూసుకుంది, పిచ్చిది. ఒరియావాళ్ళ నెలలో బహుళ పక్షం ముందు, మనకి వెనక. అందుకే వాళ్ళ శ్రావణ పంచమి నెల ముందే వచ్చేసింది.

నాలుగేళ్ళ పిల్లకి తద్దినం లేదు. మా ఇంట్లో దాని పేరే ఎవరూ ఎత్తరు. పేగుబంధం లేని ఈ మనిషి పస్తుంటే, ఈ రోజు కాదమ్మా అని ఏ నోటితో చెప్పను? ఆమెను పట్టుకుని నేనూ ఏడ్చాను.

సాయంత్రం ఆయన విసుక్కున్నారు. "జిల్లా ఒరిస్సాలో కలిసింది గానీ పంచాంగాలు కలిశాయేటి? ఆ మాట చెప్పలేకపోయావా?"

చెప్పలేకపోయాను. అప్పట్నుంచి ఒకటే ఆలోచన. కిందటేడు ఈ పంచమికి చిట్టి సులోచన పెరట్లో పనసకాయ ముట్టుకుని చేతులు జిగురు చేసుకొచ్చింది. వదలగొడదామని నూనె రాస్తుంటే, కితకితలని ఒకటే నవ్వు.

మన పంచాంగంలో దానికింకా జ్వరమే రాలేదు.