తాపీ ఒడ్డున వినబడని కేక

ఆదివారం రాత్రి, దీపావళి సెలవుల ఆఖరి రోజు.

పొద్దున నేనూ నా భార్య పద్మా కామ్‌రేజ్ దగ్గర తాపీ నది ఒడ్డు వెంట చాలా దూరం నడిచాం. వానలు పోయి నీళ్ళు తేటపడ్డాయి. చేపలు పట్టే ముసలాయన ఏదో చెప్పాడు. తన తాతల కాలంలో ఈ ఇసుక కడిగి బంగారు రజను తీసేవారట. ఆయన మాటలు నాకు అందలేదు, పద్మే మళ్ళీ చెప్పింది.

తర్వాత నేను ముందు నడుస్తుంటే, పద్మ వెనక నుంచి ఉరికొచ్చి నా చెయ్యి గుంజింది.

"నీ కాళ్ళ ముంగటికెల్లి పాము పోయింది. ఆగుమని ఎంత ఒర్రిన! ఇనవడలేదా?"

మిల్లులో బట్ట నేసే సాంచాల పదిహేనేళ్ళ మోత నా చెవులను తినేసిందని ఇవాళ చెప్పక తప్పలేదు. ఆమె ఇసుకలో కూలబడింది.

"ఎప్పటిసంది?"

"రెండేండ్లాయె."

నది నిమ్మళంగా పోతోంది. నా చెవుల్లో మాత్రం సాంచాలు ఆడుతూనే ఉన్నాయి.

రేపు సచిన్ ఊళ్ళో మా మిల్లు తెరుస్తారు. నాకు వేరే పని రాదు. నా చెవుల సంగతి సేఠ్‌కు తెలిస్తే ఈ పనీ ఉండదు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు పద్మ నా చెవి దగ్గరికి వచ్చి, "గీ పని ఇడిసిపెట్టు" అంది.

ఆ మాట స్పష్టంగా వినబడింది. విననట్టే బస్సెక్కాను.